పక్కనుంచి పొమ్మన్న మౌలానా

(పాలకొల్లులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన గ్రంథాలయ సభలో ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని ఎత్తి రాసిన పాఠం.)

సభకు నమస్కారం. బాబూ, ఆ మైకు కొంచెం కిందకి దించుతావా... ఆయ్, చాలు.

ముస్లిం పండితుడి గురించి మాట్లాడతానని ఫోన్లో చెప్పగానే అధ్యక్షులు గారు, "ఉమర్ ఆలీషా గారి గురించే కదండీ" అన్నారు. అనకేం చేస్తారు! పిఠాపురంలో 1885లో పుట్టి, తెలుగులో నాటకాలూ పద్యకావ్యాలూ రాసి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను మన పద్యాల్లోకి తెచ్చి, ఢిల్లీ శాసనసభకు కూడా ఎన్నికైన మనిషి మన పక్కనే ఉన్నాక ఇంకొకరు ఎలా గుర్తొస్తారు? ఆయన మీద చెప్పేవాళ్లు ఇక్కడ నాకంటే పెద్దలున్నారు. నేను ఇవాళ చెప్పేది మనలో చాలామందికి తెలియని మనిషి గురించి. పేరు మౌలానా వహీదుద్దీన్ ఖాన్. ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లా, బధరియా అనే పల్లెటూరు. 1925 జనవరి 1న పుట్టారు. 2021 ఏప్రిల్ 21న కరోనాతో ఢిల్లీలో పోయారు. 96 ఏళ్లు. రెండు వందలకు పైగా పుస్తకాలు. 2000లో పద్మభూషణ్, 2021లో పద్మవిభూషణ్.

ఇవన్నీ ఫోన్లో కొడితే వచ్చేవే. వీటి కోసం మీరు ఈ ఉక్కలో ఇక్కడిదాకా రానక్కర్లేదు. నేను మా ఇంట్లోంచి మొదలుపెడతాను.

మా అబ్బాకి సైకిల్ షాపు. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూనా అంటే, లక్నో వాళ్లు విన్నారంటే కళ్లు తిరిగి పడిపోతారు. సగం తెలుగు, పావు ఉర్దూ, మిగతా పావు చేతులతో సైగలు. (నవ్వులు) కానీ అబ్బాకి ఉర్దూ చదవడం వచ్చు. రాజమండ్రిలో తెలిసినాయన ఒకరు నెలనెలా ఒక పత్రిక పంపేవారు. పేరు 'అల్ రిసాలా'. 1976లో మొదలైంది. పల్చగా ఉండేది. అందులో రాసేది దాదాపు అంతా ఒక్క మనిషే, ఈ మౌలానాయే. ఒక్కో వ్యాసం ఒక పేజీ, మహా అయితే రెండు. రాత్రి షాపు కట్టేసి వచ్చాక అబ్బా పైకి చదివేవారు. అర్థం కాని మాట వస్తే ఆపి, మళ్లీ చదివి, అప్పటికీ తెలియకపోతే దాటేసి ముందుకు పోయేవారు.

ఆ పత్రికలో ఒక విచిత్రం ఉండేది. మిగతా ఉర్దూ పత్రికలు తెరిస్తే మాకు జరిగిన అన్యాయాల చిట్టా. ఫలానా చోట అల్లర్లు, ఫలానా చోట ఉద్యోగాల్లేవు, ఫలానా నాయకుడు ఇలా అన్నాడు. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ అల్ రిసాలాలో ఫిర్యాదు అనేది కనపడేది కాదు. దారిలో చెట్టు పడితే ఏం చేస్తావు, వ్యాపారంలో దెబ్బ తిన్నవాడు ఎలా లేచాడు, పిల్లల్ని చదివించు, పక్కవాడు రెచ్చగొడితే రెచ్చిపోకు. ఇదే వరస. మా మామూకి ఆ పత్రిక అంటే ఒళ్లు మంట. "దెబ్బ తిన్నవాడికే సుద్దులు చెబుతాడేంటి బావా ఈయన? కొట్టినవాడికి ఒక్క మాటైనా చెప్పడా?" అనేవాడు.

1993 మొదట్లో, అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేత జరిగి ఇంకా రెండు మూడు నెలలే అయింది, మామూ ఒక రాత్రి మా ఇంట్లో ఆ పత్రిక తీసి చదివి, దాన్ని కాలవలో పారేస్తానని లేచాడు. మా ఇల్లు కాలవ గట్టునే. గట్టు దాకా వెళ్లాడు. వెళ్లి, అందులో ఖురాన్ ఆయత్‌లు అచ్చువేసి ఉంటాయని గుర్తొచ్చి, నీళ్లలో వెయ్యలేక వెనక్కి తెచ్చి అటక మీద పడేశాడు. (నవ్వులు) చాలా ఏళ్లు ఆ సంచిక అక్కడే ఉంది. ఈ మౌలానా సంగతి మొత్తం ఆ అటక మీద సంచికలాంటిదే అనిపిస్తుంది నాకు. పారెయ్యలేరు, చేతిలోనూ పట్టుకోలేరు.

సరే, ఆయన జీవితంలోకి వద్దాం. నాలుగైదేళ్ల వయసులో తండ్రి పోయారు. తల్లి పెంచింది. 1938లో సరాయ్‌మీర్ అనే ఊళ్లో మద్రసతుల్ ఇస్లాహ్‌లో చేర్పించారు. హమీదుద్దీన్ ఫరాహీ అనే గొప్ప ఖురాన్ పండితుడి ఒరవడిలో నడిచిన మద్రసా అది. వల్లెవేయడం కంటే ఆలోచించడం మీద గురి ఎక్కువ. 1944కి చదువు అయింది. బయటికి వచ్చి చూస్తే, తను చదివిన చదువులో ఒక్క ముక్కా బయటి ప్రపంచానికి అర్థం కాదు. వాళ్ల మాట ఈయనకు అర్థం కాదు. మరొకరైతే మసీదులో ఇమామత్, అంటే నమాజు చదివించే పని, చూసుకునేవారు. ఈయన కూర్చుని సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్నారు. సైన్సు పుస్తకాలు, బెర్ట్రండ్ రస్సెల్, ఒకటేమిటి, లైబ్రరీలో దొరికినవన్నీ చదివారు. దాని ఫలితం 1966లో వచ్చిన 'మజహబ్ ఔర్ జదీద్ చాలెంజ్'. దేవుడు లేడన్న హేతువాదులకు మద్రసాలో చదివిన మనిషి సైన్సు భాషలో జవాబు చెప్పడం. ఆయన కొడుకు దాన్ని అరబ్బీలోకి తెచ్చాక అరబ్బు దేశాల్లో పేరు మోగిపోయింది. నా అభిప్రాయం అడిగితే, అందులో సైన్సు వాదనలు చాలావరకు పాతబడ్డాయి. ఇవాళ ఒక ఎమ్మెస్సీ కుర్రాడు వాటికి జవాబు చెప్పేస్తాడు. కానీ ఆ ధైర్యం పాతబడలేదు.

దీనికంటే ముందే ఒక పెద్ద గొడవ ఉంది. నాకు బాగా ఇష్టమైన ఘట్టం అది. కాసేపు అక్కడ ఆగుతాను.

1949 ప్రాంతంలో ఈయన జమాఅతె ఇస్లామీ హింద్‌లో చేరారు. ఆ సంస్థ మూలపురుషుడు మౌలానా మౌదూదీ. మౌదూదీ మన నిజాం రాజ్యంలోవాడే, 1903లో ఔరంగాబాద్‌లో పుట్టాడు. హైదరాబాద్ నుంచే పత్రిక నడిపి పైకొచ్చాడు. 1941లో లాహోర్‌లో జమాఅత్ పెట్టాడు. ఆయన చెప్పినదాని సారం ఇదీ: ఇస్లాం అంటే నమాజు, ఉపవాసం మాత్రమే కాదు, అది ఒక సంపూర్ణ వ్యవస్థ. రాజ్యం, చట్టం, ఆర్థికం అన్నీ అందులోవే. దాన్ని నెలకొల్పడమే ముస్లిం పని. కుర్రకారుకి ఇది ఎంత మత్తెక్కించే మాటో ఆలోచించండి. వహీదుద్దీన్ కూడా దానిలోనే మునిగారు, పైస్థాయి సలహామండలి దాకా ఎదిగారు. పదేళ్లు దాటాక ఖురాన్‌ను మళ్లీ మొదటినుంచీ చదువుతుంటే అనుమానం వచ్చింది. ఇందులో కేంద్రం మనిషికీ దేవుడికీ ఉన్న సంబంధం కదా, రాజ్యం ఎక్కడినుంచి వచ్చి నట్టింట్లో కూర్చుంది? రాజకీయం ఇస్లాంలో లేదని ఆయన అనలేదు. చెట్టుకి కొమ్మ కావలసినదాన్ని కాండం చేశారని ఆయన అభ్యంతరం.

ఇంతవరకు మామూలే. పార్టీ నచ్చకపోతే బయటికి వచ్చేవాళ్లు కోకొల్లలు. మన జిల్లాల్లో పొద్దున ఒక కండువా, సాయంత్రం ఒక కండువా. (నవ్వులు) ఈయన అలా వెళ్లిపోలేదు. తన ఆక్షేపణను పూర్తిగా రాతలో పెట్టి, జమాఅత్ పెద్దలకు ఒక్కొక్కరికీ పంపారు. తప్పుంటే చూపించండి, దిద్దుకుంటాను అన్నారు. ఉత్తరాలు వెళ్లాయి, ఉత్తరాలు వచ్చాయి. పాకిస్తాన్‌లో ఉన్న మౌదూదీతోనూ ఉత్తరాలు నడిచాయి. చివరికి 1963లో 'తాబీర్ కీ గలతీ' అని పుస్తకం వేశారు. తాబీర్ అంటే వ్యాఖ్యానం. వ్యాఖ్యానంలో పొరపాటు అని పేరు. అందులో తన వాదన ఒక్కటే కాదు, ఆ ఉత్తరాలన్నీ అచ్చు వేశారు. తనను తప్పుబట్టిన ఉత్తరాలు కూడా. నువ్వు ఖురాన్‌ను అర్థం చేసుకోలేదన్నవీ, నీకు అహంకారం పెరిగిందన్న ధోరణిలో ఉన్నవీ అన్నీ. ఎవరి మాట నిజమో పాఠకుడే తేల్చుకుంటాడని.

నేను లెక్చరర్‌గా చేసినన్నాళ్లూ పిల్లలకు ఈ సంగతి చెప్పేవాణ్ణి. మతం గురించి కాదు, వాదించడం గురించి. అవతలివాడి మాటను మన పుస్తకంలో మన డబ్బుతో అచ్చు వెయ్యడమంటే చిన్న విషయం కాదు. ఇవాళ వాట్సాప్‌లో మనకు నచ్చని మెసేజ్ వస్తే చదవకుండానే గ్రూపులోంచి లేచిపోతున్నాం.

ఆ తర్వాత లక్నో, ఆ తర్వాత ఢిల్లీలో జమీయత్ ఉలమా అనే ముస్లిం పండితుల సంస్థ వాళ్ల వారపత్రికకు ఏడేళ్లు ఎడిటరు, ఆపైన సొంత కేంద్రం, సొంత పత్రిక. నిజాముద్దీన్‌లో ఇల్లు. అవన్నీ చప్పున దాటేద్దాం.

ఆయన సిద్ధాంతం ఒక్క మాటలో చెప్పాలంటే 'ఎరాజ్'. అరబ్బీ మాట. అంటే పక్కకు తప్పుకోవడం, పట్టించుకోకపోవడం. అల్లర్లు ఎలా మొదలవుతాయి? ఊరేగింపు మసీదు ముందుకు వస్తుంది, డప్పులు మోగుతాయి, నినాదాలు ఇస్తారు, లోపలివాళ్లు బయటికి వచ్చి ఆపుతారు, రాయి పడుతుంది. మౌలానా లెక్క చాలా సూటిగా ఉంటుంది. వాళ్లు అరిచి పోతారు, నువ్వు బయటికి రాకు. ఊరేగింపు పది నిమిషాల్లో దాటిపోతుంది. బయటికి వస్తే పదేళ్లు పోతుంది.

దీనికి ఆయన ఎప్పుడూ చూపించే ఆధారం హుదైబియా ఒప్పందం. క్రీ.శ. 628. ప్రవక్త, ఆయన వెంట సుమారు 1400 మంది కాబా దర్శనానికి మదీనా నుంచి వచ్చారు. మక్కావాళ్లు రానివ్వలేదు. సంధి రాసుకుందాం అన్నారు. పత్రంలో 'దేవుని ప్రవక్త ముహమ్మద్' అని రాస్తే మక్కా తరఫున వచ్చిన సుహైల్ ఒప్పుకోలేదు. నువ్వు ప్రవక్తవని మేం నమ్మితే ఈ గొడవే లేదు కదా, తండ్రి పేరు రాయించు అన్నాడు. ఆ మాట కొట్టేయడానికి, పత్రం రాస్తున్న ప్రవక్త అల్లుడు అలీకి చెయ్యి రాలేదు. ప్రవక్తే తన చేత్తో కొట్టేశారు. ఆ ఏడు దర్శనం లేకుండానే వెనక్కి పోవాలి. మక్కానుంచి పారిపోయి వచ్చినవాణ్ణి తిరిగి అప్పగించాలి, అటు పోయినవాణ్ణి మాత్రం వాళ్లు అప్పగించనక్కర్లేదు. పైకి చూస్తే పచ్చి ఓటమి. ప్రవక్త సహచరుడు హజ్రత్ ఉమర్ అంతటివాడికే మింగుడు పడలేదు. కానీ పదేళ్లు యుద్ధం లేదన్న ఆ ఒక్క షరతుతో మాట్లాడుకోవడానికి వీలు దొరికింది. రెండేళ్లు తిరక్కుండానే, 630లో, మక్కా దాదాపు యుద్ధం లేకుండా చేతికి వచ్చింది. అదీ మౌలానా చెప్పే పాఠం. పంతం వదులుకో, సమయం సంపాదించుకో.

ఈ సూత్రాన్ని ఆయన ఎక్కడ పడితే అక్కడ వర్తింపజేశారు. గొడవలన్నీ అక్కడే వచ్చాయి.

1992 డిసెంబర్ 6 తర్వాత ఒక జైన ముని, ఒక స్వామీజీతో కలిసి మహారాష్ట్రలో పదిహేను రోజులు శాంతియాత్ర చేశారు. మూడు మాటల సూత్రం ఒకటి పెట్టారు. ముస్లింలు బాబ్రీ మీద పట్టు వదులుకోవాలి. హిందువులు అయోధ్యతో ఆగిపోవాలి, మిగతా మసీదుల జోలికి రాకూడదు. 1991లో వచ్చిన ప్రార్థనా స్థలాల చట్టం ఉంది చూశారూ, 1947 ఆగస్టు 15న ఏది ఎలా ఉందో అలాగే ఉండాలనేది, దాన్ని ప్రభుత్వం గట్టిగా నిలబెట్టాలి. ముస్లిం సంస్థలు మండిపడ్డాయి. ఈయన అమ్ముడుపోయాడన్నారు. సల్మాన్ రష్దీ నవల గొడవ తర్వాత, దైవదూషణకు ఈ లోకంలో మరణశిక్ష వెయ్యమని ఖురాన్‌లో లేదు, మాటకు మాటతోనే జవాబు చెప్పాలి అని ఒక పుస్తకమే రాశారు. ఉలమాలు, అంటే మత పండితులు, మండిపడ్డారు. పూర్వపు ఫకీహులు, అంటే ధర్మశాస్త్ర పండితులు, ఏం రాశారో తీసి చూపించారు. కాశ్మీరీలకు చెప్పారు, ఉన్నదాన్ని ఒప్పుకుని చదువూ వ్యాపారం చూసుకోండని. పాలస్తీనా వాళ్లకూ అదే చెప్పారు. ఆ ఒక్కటి మాత్రం నాకు ఎన్నిసార్లు చదివినా గొంతు దిగదు. ఇల్లూ పొలం పోయినవాడికి నిజాముద్దీన్‌లో కూర్చుని ఎరాజ్ చెప్పడం సులువు.

ఇప్పుడు మా మామూ ప్రశ్నకు వస్తాను. కొట్టినవాడికి ఒక్క మాటైనా చెప్పడా?

నాకు చాలా ఏళ్లకు తట్టింది. మన అమ్మలు ఏం చేస్తారు? కొడుకు వీధిలో దెబ్బలాడి వస్తే వంటింట్లోకి లాగి, "వాడితో నీకేంట్రా, నీ పని నువ్వు చూసుకోలేవా" అని తిడతారు. వంటింట్లో అది ప్రేమ. అదే అమ్మ వీధి అరుగు మీద, పక్కింటివాడు వింటుండగా, "తప్పంతా మావాడిదే" అందనుకోండి. మాట అదే. ఇప్పుడది సాక్ష్యం. పక్కింటివాడు దాన్ని జేబులో పెట్టుకుంటాడు. రేపు మళ్లీ కొట్టినప్పుడు తీసి చూపిస్తాడు, మీ అమ్మే అందిగా అని.

మౌలానా ఉర్దూలో రాసినంతకాలం అది వంటింటి మాట. 1984లో అల్ రిసాలా ఇంగ్లీషులో వచ్చింది, 1990లో హిందీలో. పెద్ద పేపర్లు ఆయన వ్యాసాలు అడిగి వేసుకున్నాయి. ఆయన మాట మార్చలేదు. వినేవాళ్లు మారిపోయారు. ముస్లింల తప్పులు చెప్పే ముస్లిం కావలసినవాళ్లకు ఈయన దొరికారు. మూడు మాటల సూత్రంలో మొదటి మాటే అందరూ ఎత్తుకున్నారు. రెండో మాట, మూడో మాట ఎవరి నోటా వినపడలేదు. అయోధ్య మీద 2019 నవంబర్ 9న తీర్పు వచ్చింది. ఆ తర్వాత కాశీ, మథుర దావాలు ఏమయ్యాయో మీరు పేపర్లో చూస్తూనే ఉన్నారు.

వాళ్లింట్లోనే దీనికి జవాబు ఉందండీ. ఇందాక చెప్పానే, పుస్తకాన్ని అరబ్బీలోకి తెచ్చిన కొడుకు అని. జఫరుల్ ఇస్లాం ఖాన్. ఆయన 2000లో ఢిల్లీనుంచి ఇంగ్లీషులో ఒక పక్షపత్రిక పెట్టారు, మిల్లీ గెజిట్ అని. అందులో ఏం ఉండేవి? తండ్రి తన పత్రికలో వెయ్యనని భీష్మించుకున్నవే. అల్లర్లు, కేసులు, అన్యాయాలు. తండ్రి వంటింట్లో మాట్లాడితే కొడుకు వీధిలో మాట్లాడాడు. రెండూ కావలసినవే అని నేను అనుకుంటాను. ఒకే మనిషి రెండూ చెయ్యలేకపోవడం మౌలానాలో లోటు.

మన గోదావరి లెక్కలో చెబుతాను. అడ్డం వస్తే ఏరు పక్కకు తిరిగి పోతుంది. పోట్లాడదు. బాగానే ఉంది. కానీ ఏ పక్కకు తిరుగుతుందో ఆ పక్క లంక కోసుకుపోతుంది. వశిష్ఠ పాయలో లంకల్లో భూములున్నవాళ్లు ఈ సభలో ఉన్నారు, వాళ్లకు నేను చెప్పాలా! కొబ్బరిచెట్టు వేళ్లతో సహా నిలువునా ఏట్లోకి ఒరిగిపోతే ఎలా ఉంటుందో. శాంతికి ఖర్చు ఉంటుంది. అది ఎవరి గట్టునుంచి పోతుందన్నదే ప్రశ్న. హుదైబియాలోనే చూడండి. సంధి సిరా ఆరకముందే సుహైల్ సొంత కొడుకు, ముస్లిం అయిన కుర్రాడు, అబూ జందల్, సంకెళ్లతో ఈడ్చుకుంటూ వచ్చి నన్ను కాపాడండి అన్నాడు. ఒప్పందం ప్రకారం వెనక్కి పంపేశారు. మౌలానా హుదైబియాను లెక్కలేనన్నిసార్లు చెప్పారు. నేను చదివిన సంచికల్లో అబూ జందల్ దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగినట్టు నాకు గుర్తులేదు.

ఇంకో సంగతి. అక్కడ సంతకం రెండు వైపులా ఉంది. ఒకడే పెడితే అది సంధి కాదు, వదులుకోవడం.

అలాగని ఆయన్ను కొట్టిపారేస్తున్నానా? కాదు. నాకే జరిగింది చెప్పి ముగిస్తాను. 90ల్లో నాకు వేరే ఊరు ట్రాన్స్‌ఫర్ అయింది. ఆ ఊరి పేరు వద్దు. కాలేజీకి దగ్గర్లో ఒక మంచి ఇల్లు, రెండు గదులు, నుయ్యి, వెనక జామచెట్టు. ఇంటాయన చాలా మర్యాదగా మాట్లాడారు. కాఫీ ఇచ్చారు. అడ్వాన్సు తీసి చేతిలో పెట్టబోతూ రసీదు కోసం పేరు చెప్పాను. ఆయన ఒక్క నిమిషం ఆగి, "మా అమ్మాయి వాళ్లు వస్తామన్నారండీ, మర్చిపోయాను" అన్నారు. నాకు తెలుసు. ఆయనకూ నాకు తెలుసని తెలుసు. నేను గొడవ చెయ్యలేదు. "పర్లేదండీ" అని లేచి వచ్చేశాను. వారంలో ఇంకో ఇల్లు దొరికింది, కొంచెం దూరం. ఆ ఇంటావిడ రంజాన్‌లో మా ఆవిడను సహరీకి, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనానికి, నిద్ర లేపేది, అలారం మీద ఆమెకు నమ్మకం లేదు. (నవ్వులు) ఇదీ ఎరాజే. గొడవ పడి ఉంటే ఆ ఊళ్లో నాలుగేళ్లు టెన్షన్‌తో బతికేవాణ్ణి. మౌలానా లెక్కన నేను గెలిచాను. మామూ లెక్కన ఆ ఇంటాయనకు తను చేసింది తప్పని చెప్పేవాడు లేకుండా పోయాడు. ఇద్దరి లెక్కలూ సరిగ్గానే వస్తున్నాయి. నేనేం చెయ్యను?

ఆయన పుస్తకాలు నాలుగు ఈ లైబ్రరీకి ఇస్తున్నాను. ఉర్దూవి రెండు, ఇంగ్లీషువి రెండు. ఎవరైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒక కుర్రాడు: "మాస్టారూ, ఆ ఇంటాయన తర్వాత ఎప్పుడైనా కనపడ్డారా?")

లేదు బాబూ. కాలేజీకి ఆ వీధే దగ్గరి దారి. నేను కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. నాలుగేళ్లూ.